అనుపానం – ఉపదంశం: పొదిలి మెట్టసీమలో ఇంటి వంట, కల్లు, బీరు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంటి భోజనానికి తగిన బీరు ఏది అన్న ప్రశ్న ఇటీవల నగరాల నుండి చిన్న పట్టణాలకు చేరింది. ఇది పూర్తిగా దిగుమతి అయిన ఆలోచన అనిపించినా, తిండికీ పానీయానికీ పొత్తు కుదర్చడమనే భావన మన శాస్త్ర గ్రంథాలలోనూ, తెలుగు పలుకుబడిలోనూ చాలాకాలం నుండి ఉంది. అనుపానం, ఉపదంశం అనే రెండు పాత పారిభాషిక పదాల ఆధారంగా పొదిలి ప్రాంతపు ఆహార, పానీయ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కల్లు, సారా, బీరు అనే మూడు పానీయాలు ఇంటి వంటతో పెట్టుకున్న సంబంధం ఎప్పుడెప్పుడు ఎలా మారిందో వివరిస్తూ, ఆ మార్పులకు అబ్కారీ విధానం, మద్యనిషేధం, స్త్రీల ఉద్యమం ఎంతవరకు కారణాలో చర్చిస్తుంది.

కీలకపదాలు: అనుపానం, ఉపదంశం, నంజు, కల్లు, తరవాణి, అబ్కారీ, సారా వ్యతిరేకోద్యమం, బీరు, పొదిలి.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట మద్యపాన చరిత్రను ఇప్పటివరకు ప్రధానంగా రెండు దారులలో రాశారు. కావ్యాలలోని పానగోష్ఠులు, కల్లుపాకలు, జాతర్ల వర్ణనల ఆధారంగా సాంఘిక చరిత్రను పునర్నిర్మించడం మొదటిది. 1949లో వెలువడిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఈ పద్ధతికి మార్గదర్శకం. అబ్కారీ ఆదాయం, మద్యనిషేధ చట్టాలు, ఉద్యమాల చుట్టూ నడిచే రాజకీయ చరిత్ర రెండవది. ఈ రెండింటిలోనూ తాగేవాడు కనిపిస్తాడు, అమ్మేవాడు కనిపిస్తాడు, పన్ను వసూలు చేసే ప్రభుత్వమూ కనిపిస్తుంది. వంటిల్లు మాత్రం కనిపించదు. తాగినవాడు ఏమి తిన్నాడు, దానిని ఎవరు వండారు, ఆ పూట మిగిలినవారికి ఏమి మిగిలింది అన్న ప్రశ్నలు ఈ చరిత్రలలో అరుదుగా వినిపిస్తాయి.

ఈ ప్రశ్నలకు పొదిలి అనుకూలమైన క్షేత్రం. నేటి గుంటూరు, ప్రకాశం మైదానాల పడమటి అంచున ఉన్న ఈ మెట్టప్రాంతం ఆంగ్లేయుల కాలంలో నెల్లూరు జిల్లాలో ఒక జమీందారీ తాలూకా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, దర్శి ప్రాంతాలతో పాటు పొదిలి నెల్లూరు నుండి విడివడింది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. మద్యనిషేధ సమస్యపై మంత్రివర్గాన్ని కోల్పోయిన ముఖ్యమంత్రి పేరు ఈ జిల్లాది. సారా వ్యతిరేకోద్యమానికి పుట్టినిల్లయిన నెల్లూరు దీని పాత జిల్లా. జొన్న, కంది, మిరప, పొగాకు ఇక్కడి పంటలు. కాబట్టి తిండి, తాగుడు, ప్రభుత్వం అనే మూడింటి సంబంధాన్ని ఒకేచోట నిలిపి చూడడానికి ఈ సీమ వీలు కల్పిస్తుంది.

2. రెండు పాత పదాలు

ఆయుర్వేదంలో అనుపానం అంటే ఆహారాన్ని గాని ఔషధాన్ని గాని అనుసరించి తీసుకొనే పానీయం. వాగ్భటుని ‘అష్టాంగహృదయం’ సూత్రస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం ఏ ఆహారానికి ఏ అనుపానం తగినదో చెబుతుంది. యవలు, గోధుమలతో చేసిన వాటికి చల్లని నీరు, పిండివంటలకు గోరువెచ్చని నీరు, కూరలకూ పెసలవంటి పప్పుధాన్యాలకూ పెరుగుమీది తేట, మజ్జిగ, పులిసిన గంజి, మాంసానికి మద్యం. నేడు రుచుల పొత్తు పేరిట చెప్పే విషయానికి ఇది ప్రాచీన రూపం. అయితే ఇక్కడ ప్రమాణం రుచి కాదు, జీర్ణశక్తి. పానీయం తిండిని అరిగించడానికి వస్తుంది. మద్యం కూడా ఆ వరుసలో మజ్జిగ పక్కన, గంజి పక్కన, ఒక అనుచరస్థానంలోనే కూర్చుంటుంది.

ఉపదంశం దీనికి సరిగ్గా తలకిందులు. అమరకోశంలోని శూద్రవర్గం మద్యానికి, పానగోష్ఠికి, పానపాత్రకు పేర్లు చెప్పే సందర్భంలోనే దీనికి పర్యాయమైన అవదంశం అనే పదాన్నీ చెబుతుంది. మద్యం తాగుతూ మధ్యమధ్య కొరుక్కొనే తినుబండారం ఉపదంశం. అనుపానంలో తిండి ప్రధానం, పానీయం దానికి తోడు. ఉపదంశంలో పానీయం ప్రధానం, తిండి దానికి తోడు. పళ్ళెం, పాత్ర రెండుచోట్లా అవే. ఏది దేనికోసం అన్న సంబంధం మాత్రం మారిపోయింది.

తెలుగులో ఈ రెండవ భావానికి దగ్గరగా నిలిచే దేశ్యపదం నంజు. కాని దాని చరిత్ర వేరు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమై, శ్రీనాథకృతమన్న వాదానికీ విషయమైన ‘క్రీడాభిరామం’లో ఒక పూటకూళ్ళ ఇంటి భోజనం ఉంది. ఒక్క రూకకు దొరికే ఆ శాకాహార భోజనంలో అన్నం, గోధుమపిండి వంట, పప్పు, అరటిపండ్లు, పెరుగులతో పాటు నాలుగైదు నంజులు కూడా ఉన్నాయి. అక్కడ మద్యం ప్రసక్తి లేదు. అంటే నంజు మొదట అన్నానికి తోడు. పచ్చడి నంజుకోవడం, ఊరగాయ నంజుకోవడం అనే నేటి ఇంటి వాడుక ఆ అర్థాన్నే కాపాడుతున్నది. ఇదే ధాతువుతో ముడిపడిన నంజుడు నిఘంటువులలో మాంసానికి పర్యాయపదమైంది. తాగుడుకు నంజు అన్న ప్రయోగంలో ఈ పదం అన్నాన్ని విడిచి పానపాత్ర పక్కకు చేరింది. ఇప్పుడు ఆ స్థానంలో స్టఫ్, మంచింగ్ అనే అరువుమాటలు వినిపిస్తున్నాయి. మాట మారినా సంబంధం ఉపదంశానిదే.

మద్యానికి నేటి తెలుగు వ్యావహారికంలో వాడే మందు అన్న పేరును కూడా ఇక్కడ గమనించాలి. ఔషధానికి ఉన్న పేరునే మద్యానికీ పెట్టుకున్న భాషలో, ఔషధానికి అనుపానం ఉన్నట్లే మద్యానికీ ఏదో ఒక తోడు ఉండాలన్న భావన సహజంగా అమరింది. దీనిని పదవ్యుత్పత్తిగా కాక, వాడుకలోని ఒక సాదృశ్యంగా మాత్రమే గ్రహించాలి.

3. మెట్టసీమ వంటిల్లు: పులుపు, కారం, చలువ

పానీయంతో పొత్తు గురించి మాట్లాడేముందు ఆ వంట ఏదో తెలియాలి. శ్రీనాథుని చాటువులుగా ప్రసిద్ధమైన పద్యాలలో పలనాటి జొన్నకూటిపై విసుగు కనిపిస్తుంది. వరి అన్నానికి అలవాటుపడిన రాజాస్థాన కవికి మెట్టసీమ ఒక శిక్షగా తోచింది. ఆ విసుగును పక్కన పెడితే అది ఒక విలువైన సాక్ష్యం. కృష్ణకు దక్షిణాన ఉన్న ఈ మెట్టభూములలో జొన్న, సజ్జ, ఆరిక, కొర్ర వంటివే ప్రధానాహారం. వాటికి తోడు కందిపచ్చడి, గోంగూర, ఉలవచారు, చింతపండు పులుసు. ముద్దగా, బరువుగా ఉండే చిరుధాన్యపు కూడు గొంతు దిగాలంటే పులుపో, పలచని ద్రవమో కావాలి. మెట్ట వంటలో పులుపుకున్న ప్రాధాన్యానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఋతువును బట్టి ఆహారాన్నీ పానీయాన్నీ జతచేసే పద్ధతికి తెలుగు కావ్యాలలో ఉత్తమ నిదర్శనం ‘ఆముక్తమాల్యద’. విష్ణుచిత్తుడు భాగవతులకు పెట్టే ఆతిథ్యంలో వానకాలపు భోజనం వేరు, వేసవి భోజనం వేరు, చలికాలపు భోజనం వేరు. వానకాలంలో వేపుడు కూరలు, వరుగులు, వడియాలు. వేసవిలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, మజ్జిగ, అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీరు. చలికాలంలో మిరియపుపొడి తగిలిన వేడికూరలు, ఆవఘాటు పచ్చళ్ళు, వేడినెయ్యి, పాలు. ఈ పట్టికలో ప్రతి పానీయానికీ ఒక పని ఉంది. అది భోజనంలో భాగంగా వస్తుంది. అనుపాన భావన గృహస్థధర్మంలోకి ఎలా దిగివచ్చిందో తెలియడానికి ఈ ఘట్టం చాలు.

ఆ పట్టికలో లేనిది మిరపకాయ. ఘాటు మిరియాలది, ఆవాలది మాత్రమే. పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన ఈ అమెరికా మొక్క, తెలుగులో మిరియం పేరును ఆధారం చేసుకొని మిరపకాయగా స్థిరపడింది. నేడు గుంటూరు, ప్రకాశం జిల్లాల గుర్తింపుగా మారిన కారం కొన్ని శతాబ్దాల చరిత్ర మాత్రమే గలది. అయినా అది ఇంటి పానీయాల పాత్రను మార్చింది. అప్పటిదాకా అరుగుదలకు, చలువకు వాడిన మజ్జిగకు నోటిమంట తీర్చే పని కూడా వచ్చింది. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు. పాలు, పెరుగులలోని కేసీన్ దానిని పట్టి నాలుకపై నుండి తొలగిస్తుంది. భోజనాన్ని పెరుగుతోనో మజ్జిగతోనో ముగించే తెలుగువారి వరుస ఈ విధంగా శాస్త్రసమ్మతమైన అనుపానమే.

ఇంట్లోనే పులియబెట్టుకొనే పానీయం కూడా ఒకటి ఉండేది. అది తరవాణి. బియ్యం కడిగిన నీరు, గంజి, కాస్త అన్నం కుండలో పోసి పులియనిచ్చి, ఆ తేటను రోజూ వాడుకొంటూ మళ్ళీ నింపేవారు. వేసవిలో తరవాణిలో వేసిన చద్దన్నం, ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఒక పూట భోజనం. ధాన్యాన్ని నీటిలో పులియబెట్టడం వరకు తరవాణికీ బీరుకూ మూలసూత్రం ఒకటే. తేడా సూక్ష్మజీవులలో ఉంది. తరవాణిలో పుల్లదనం కలిగించే లాక్టిక్ బాక్టీరియాది పైచేయి. బీరులో మొలకెత్తించిన బార్లీ నుండి వచ్చిన చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా మారుస్తుంది. వాగ్భటుడు కూరలకు, పప్పులకు సూచించిన పులిసిన గంజి తెలుగు ఇంటిలో ఒక మూల కుండగా నిలిచింది. ఆచారపరులైన కుటుంబాలలో సైతం దానికి చోటు దొరికింది. కల్లుకుండకు ఆ ఇళ్ళలో చోటు లేదు. పులియడం ఎక్కడ ఆహారం, ఎక్కడ దోషం అన్న గీతను రసాయనశాస్త్రం గీయలేదు, కులాచారం గీసింది.

4. తాటిచెట్టు నీడ

నన్నయ ఆదిపర్వంలో కచుని కథ ఉంది. మద్యంలో కలిసిన శిష్యుని బూడిదను తెలియక తాగిన శుక్రాచార్యుడు, ఇకమీద బ్రాహ్మణులకు సురాపానం మహాపాతకమని శపించాడు. తెలుగు కావ్యభాష మొదటి అడుగులోనే మద్యాన్ని నిషేధవిషయంగా పరిచయం చేసింది. కాని ఆ నిషేధం చెప్పిన సమాజంలోనే వృత్తిగా కల్లుగీసే కులాలు, దానిని దైనందినంగా తాగే శ్రామికులు ఉన్నారు. 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాలు ఈడిగ, గమళ్ళ వంటి గీత కులాలను ప్రత్యేకంగా పేర్కొన్నాయి. ‘తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు’ అన్న సామెత ఈ రెండు లోకాల మధ్య ఉన్న అనుమానపు చూపును పట్టి ఇస్తుంది.

కల్లుకు కాలం చాలా ముఖ్యం. చెట్టుపై నుండి దించిన తాజా నీరా తియ్యగా ఉంటుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే అది పులియకుండా ఉంటుంది, బెల్లానికి పనికివస్తుంది. సున్నం లేకపోతే చెట్టుమీదనే పులియడం మొదలై, గంటలలో తీపి తగ్గి, పులుపు, నురుగు, మత్తు పెరుగుతాయి. సాయంత్రానికి ఆల్కహాలు సుమారు 4 నుండి 6 శాతానికి చేరుతుంది. సాధారణ బీరుతో ఇది సమానం. మరునాటికి పుల్లబడి పనికిరాదు. నిల్వ ఉండదు కాబట్టి దూరం పోదు. ఏ చెట్టు కల్లు ఆ ఊరికే, ఏ పూట కల్లు ఆ పూటకే. ఈ పరిమితి వల్ల కల్లు ఒక వంటకంలాగే స్థానికంగా, తాజాగా ఉండవలసి వచ్చింది.

దీనితో తిన్నవి ఏమిటి? ఎండుచేప, ఉడికించిన శనగలు, కాల్చిన మాంసం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. వీటిలో ఎక్కువభాగం చద్దిమూటలోనూ ఉండేవే. తీపి, పులుపు కలిసిన పలచని పానీయానికి ఉప్పుచేప సరైన తోడు. ఉప్పు పులుపును తగ్గించినట్లు తోపింపజేస్తుంది, తీపి కారాన్ని ఓదారుస్తుంది. శ్రామిక కుటుంబాలలో స్త్రీలూ కల్లు తాగేవారు. కాబట్టి పాత గ్రామీణ జీవితంలో కల్లు కొంతవరకు అనుపానం. ఎండలో పనిచేసినవారి కూటితో పాటు వచ్చే పానీయం అది. ఇలా చెప్పినంత మాత్రాన కల్లుపాక ఒక స్వర్ణయుగం కాదు. అక్కడా అప్పులున్నాయి, కొట్లాటలున్నాయి, ‘అసలే కోతి, ఆపై కల్లు తాగింది’ అన్న ఎగతాళి ఊరికే పుట్టలేదు. చెప్పదలచింది ఇంతే: ఆ దశలో పానీయానికీ కూటికీ మధ్య దూరం తక్కువ.

5. అబ్కారీ: పానీయానికీ పొయ్యికీ మధ్య గోడ

1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం ఈ దూరాన్ని పెంచింది. చెట్టుగీయడానికి అనుమతి, చెట్టుకు పన్ను, అమ్మడానికి పాటపాడుకొన్న దుకాణం, సారాకు నియమిత బట్టీ అనే వ్యవస్థ స్థిరపడింది. అనుమతి లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరమైంది. దీని ఫలితాన్ని ఆదాయం లెక్కలలోనే కాక స్థలం లెక్కలో కూడా చూడాలి. పానీయం పొలంగట్టు నుండి దుకాణానికి మారింది. దుకాణానికి వెళ్ళేది ప్రధానంగా పురుషుడు, అతని చేతిలో ఉండేది కూలిడబ్బు. దుకాణం దగ్గర దొరికే నంజు కొన్నది, ఇంటిది కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1909 నాటి విస్తృత రూపంలోని సారా దుకాణపు రంగం ఈ కొత్త స్థలానికి సాహిత్యసాక్ష్యం. వేదాంతం, వెటకారం, మత్తు కలగలిసిన ఆ గోష్ఠికి ఇల్లు అనే లోకం బయటే ఉండిపోతుంది.

బీరు ఈ చరిత్రలోకి వేరే వాకిలి నుండి వచ్చింది. ఇంగ్లండు నుండి పీపాలలో ఓడలెక్కి వచ్చిన బీరు మొదట దొరల, సైనికుల పానీయం. 19వ శతాబ్దంలో నీలగిరులలో బట్టీలు వెలిశాయి. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండు దేశస్థుడు దక్షిణ భారతంలోని ఐదు బట్టీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ సంస్థను ఏర్పరచాడు. అప్పటికి పొదిలి వంటి తాలూకా కేంద్రాలలో బీరు సామాన్యుని పానీయం కాదు. కల్లు, సారా పన్నులతోనే ఖజానా నిండేది. అందుకే 1921–22 సహాయనిరాకరణలో గుంటూరు ప్రాంతపు కార్యకర్తలు కల్లు దుకాణాల ముందు పికెటింగు చేసినప్పుడు అది నైతిక ఉద్యమంతో పాటు ఆర్థిక ప్రతిఘటన కూడా అయింది.

1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. గీత కార్మికుల జీవనాధారం పోయింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత రామమూర్తి సంఘం నిషేధాన్ని ఎత్తివేయాలని సూచించింది. గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన సత్యాగ్రహం నడిపాడు. 1954 నవంబరులో ఈ సమస్యపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. చెట్టెక్కేవాని కూడు, తాగేవాని ఇంటివారి కూడు అనే రెండు న్యాయమైన ఆకలులు ఎదురెదురుగా నిలిచిన సందర్భమది. ఆ చర్చలో మొదటి ఆకలికి నాయకుడు దొరికాడు. రెండవ ఆకలి తన గొంతు వినిపించడానికి మరి నాలుగు దశాబ్దాలు పట్టింది.

6. కూడు లేని తాగుడు

1960ల చివర నిషేధం సడలి, 1968 ఎక్సైజు చట్టం కింద కొత్త వ్యవస్థ ఏర్పడింది. 1980లలో సారా ప్లాస్టిక్ పొట్లాలలో ఊరూరికీ చేరింది. ఆహార చరిత్ర దృష్టితో ఆ పొట్లాన్ని ఒకసారి పరిశీలించాలి. దానికి ఋతువు లేదు, చెట్టు లేదు, పూట లేదు. పళ్ళతో కొరికి నిలబడి తాగవచ్చు. దానికి పాత్ర కూడా అక్కరలేదు. కల్లులో కొంత చక్కెర, కొంత పోషకం ఉండేవి. సారాలో మత్తు తప్ప మరొకటి లేదు. అనుపానానికి కూడు కావాలి, ఉపదంశానికి కనీసం నంజు కావాలి. ఈ పొట్లానికి రెండూ అవసరం లేకపోయాయి. తాగుడు తిండితో సంబంధాన్ని పూర్తిగా తెంచుకొన్న దశ ఇది.

ఆ తెగిన సంబంధం బయటపడింది వంటింట్లోనే. కూలిడబ్బు ఇంటికి రాకముందే దుకాణంలో ఆగిపోతే పొయ్యి వెలగదు. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం సాగుతున్న కాలంలో, వాచకంలోని ‘సీతమ్మ కథ’ చదువుకొన్న స్త్రీలు తమ ఊళ్ళలో సారా అమ్మకాన్ని ఎదిరించారు. దూబగుంటలో మొదలైన ప్రతిఘటన 1992 నాటికి జిల్లా అంతటికీ, తరువాత రాష్ట్రమంతటికీ వ్యాపించింది. పొదిలి ప్రాంతం అప్పటికి పాలనాపరంగా నెల్లూరుది కాదు. కాని మెట్టపంట, కూలి బతుకు, భాష ఒకటే అయిన సీమ అది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది.

ఈ ఉద్యమాన్ని నైతిక సంస్కరణగా, స్త్రీవాద చైతన్యంగా, అక్షరాస్యత ఫలితంగా విశ్లేషించారు. అవన్నీ నిజమే. వీటికి తోడు దానిని ఒక ఆహారోద్యమంగా కూడా చదవవలసి ఉంది. ‘చద్దికూడు తిన్నమ్మ మొగుడి ఆకలి ఎరుగదు’ అని సామెత స్త్రీని ఎగతాళి చేసింది. 1992లో స్త్రీలు దానిని తిరగరాశారు. సారా తాగినవాడు పెళ్ళాంపిల్లల ఆకలి ఎరుగడని వారు వీథిలో నిలబడి చెప్పారు.

7. సీసా ఇంటికి వచ్చిన వేళ

సారా పోయిన చోట చీప్ లిక్కర్, బ్రాందీ, బీరు నిలిచాయి. మరొక మార్పు ఇటీవలిది. 2019 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే చిల్లర దుకాణాలు నడిపి, దుకాణం పక్కనే కూర్చొని తాగే పర్మిట్ గదులను రద్దు చేసింది. 2024 అక్టోబరులో దుకాణాలు తిరిగి ప్రైవేటువారి చేతికి వెళ్ళాయి. పర్మిట్ గది ఒక విధంగా ఉపదంశ స్థలం. పల్లీలు, గుడ్లు, బజ్జీలు అక్కడే దొరికేవి. ఆ గది మూతపడితే సీసాకు మిగిలే చోట్లు మూడు: రోడ్డు పక్క, తోట, ఇల్లు. 1886 నుండి ఇంటి బయట ఉన్న పానీయం ఈ విధంగా తిరిగి ఇంటి గడప దగ్గరకు వచ్చింది. ఇంటి వంటకు ఏ బీరు నప్పుతుందన్న ప్రశ్న ఈ సందర్భంలో మనకు ఎదురవుతున్నది.

రుచి విషయంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం కాదు. మన దుకాణాలలో దొరికేది ఎక్కువగా లాగర్ రకం. 5 శాతంలోపు ఆల్కహాలు గలది తేలిక రకం, 8 శాతం వరకు గలది స్ట్రాంగు రకం. అమ్మకాలలో అధికభాగం రెండవదానిదే. మిరపకారానికి ఆల్కహాలు మందు కాదు. దాని శాతం పెరిగేకొద్దీ నోటిమంట పెరుగుతుంది. హాప్ పువ్వుల చేదు, వాయువు బుడగల చురుకు కారాన్ని మరింత రెచ్చగొడతాయి. మాల్టు తీపి మాత్రమే దానిని కొంత శాంతింపజేస్తుంది. కాబట్టి పండుమిరప పచ్చడికో, నాటుకోడి పులుసుకో స్ట్రాంగు బీరు జతచేయడం మంటకు గాలి ఊదడమే. నూనెలో వేగిన చేపముక్కకు, చల్లమిరపకాయలు లేని వేపుళ్ళకు, ఉప్పుశనగలకు తేలిక బీరు నప్పుతుంది. బుడగలు నాలుకపై నూనెజిడ్డును కోస్తాయి. ఉలవచారు గాఢతకు మాల్టు వాసన గల ముదురురంగు బీరు తోడు కాగలదు, అది పొదిలిలో దొరికితే. చింతపండు, గోంగూర పులుపుల ముందు చేదు బీరు రుచి చెడుతుంది. అక్కడ మజ్జిగను మించిన అనుపానం లేదు.

అసలు చిక్కు రుచిలో లేదు, వరుసలో ఉంది. తెలుగు భోజనం పప్పు, కూర, పచ్చడి, పులుసు లేక చారు, పెరుగు అన్న క్రమంలో సాగుతుంది. అందులో ద్రవాలకు ముందే స్థానాలు నిర్ణయమై ఉన్నాయి. అన్నంతో బీరు తాగే అలవాటు మనకు లేదు. అన్నమూ బీరూ రెండూ కడుపు నింపేవే. అందుచేత తెలుగు ఇంట్లో బీరు భోజనంతో రాదు, భోజనానికి ముందు వస్తుంది. 650 మిల్లీలీటర్ల సీసా ఒకసారి తెరిస్తే వాయువు పోకముందే ముగించాలి. అంతవరకు భోజనం ఆగుతుంది. దానికి వేపుడో, ఆమ్లెట్టో వేరుగా కావాలి. అది చేసేదెవరు? పొయ్యి దగ్గర రెండవసారి నిలబడేదెవరు? వడ్డించడానికి పది దాటేదాకా ఎదురుచూసేదెవరు? ఇంటికి వచ్చిన సీసా అనుపానంగా రాలేదు. ఉపదంశాన్ని కోరుతూ వచ్చింది. దుకాణం దగ్గర కొనుక్కొనే నంజు ఇప్పుడు ఇంటి స్త్రీ అదనపు శ్రమ అయింది.

పాశ్చాత్య నగరాలలో బీరు, భోజనం జతకూర్చే పద్ధతి భార్యాభర్తలు ఒకే బల్ల దగ్గర, ఒకే సమయంలో, ఒకే పానీయం పంచుకొనే భోజనాన్ని ఊహిస్తుంది. మనం ఆ జాబితాను అరువు తెచ్చుకొంటే ఆ బల్లను కూడా తెచ్చుకోవాలి. బల్ల లేకుండా జాబితా మాత్రమే వస్తే, అది వంట చేసేవారికి ఒక ఆర్డరు మాత్రమే. పాత కల్లు లోకంలో స్త్రీకి కనీసం తాగే హక్కు, తినే చోటు ఉండేవి. నేటి మధ్యతరగతి ఇంట్లో బీరు దాదాపుగా పురుషుని పానీయం. ఈ ఒక్క విషయంలో పొలంగట్టు నేటి డ్రాయింగు రూము కంటే సమానత్వం గల చోటు.

8. ముగింపు

పై పరిశీలనను ఇలా క్రోడీకరించవచ్చు. భోజనానికి తగిన పానీయం అన్న ఆలోచన మనకు కొత్తది కాదు. వాగ్భటుని అనుపాన విధిలో, ‘ఆముక్తమాల్యద’ ఆతిథ్యంలో, తరవాణి కుండలో, మజ్జిగతో ముగిసే విస్తరిలో అది ఉంది. కొంతవరకు కల్లు కూడా ఆ వరుసలోనిదే. అబ్కారీ వ్యవస్థ పానీయాన్ని ఇంటి నుండి దుకాణానికి తరలించి, తిండిని దానికి ఉపదంశంగా మార్చింది. సారా పొట్లం ఆ ఉపదంశాన్ని కూడా అనవసరం చేసింది. ఆకలితో మాడిన వంటిళ్ళు 1992లో దానికి జవాబు చెప్పాయి. ఇప్పుడు బీరు రూపంలో పానీయం ఇంటికి తిరిగి వచ్చినా, పాత అనుపాన సంబంధం తిరిగి రాలేదు.

మద్యం మంచిదా చెడ్డదా అన్న తీర్పు ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. చరిత్ర అందిస్తున్న కొలమానం ఒకటి ఉంది. ఏ పానీయమైనా కూటిని అనుసరించి వచ్చిందా, కూటిని తన వెంట నడిపించిందా అన్నది చూడాలి. ఆ తేడాను మొదట గుర్తించేది తాగేవారు కాదు, వండేవారు. తెలుగు సాంఘిక చరిత్ర రచన కల్లుపాక నుండి, శాసనసభ నుండి ఒక అడుగు ముందుకు వేసి వంటింటిని కూడా ఆకరంగా స్వీకరిస్తే, గ్రామీణ స్త్రీల స్మృతులు, సామెతలు, వంటపేర్లు, పాత్రల పేర్లు ఇంకా ఎన్నో వివరాలు అందించగలవు. తరవాణి కుండ పెట్టడం తెలిసిన తరం పొదిలి పరిసర గ్రామాలలో నానాటికీ తగ్గుతున్నది. ఆ కుండతో పాటు దాని చుట్టూ ఉన్న జ్ఞానం కూడా పోకముందే దానిని నమోదు చేయడం తెలుగు పరిశోధకుల తక్షణ కర్తవ్యం.